కోర్టు మెట్ల మీద బిడ్డకు తోడు



చదువు సాయం, వైద్య సాయం గురించి మనం ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి, ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి అందరం వెనుకాడే విషయం ఒకటి రాస్తున్నాం. లైంగిక నేరానికి గురైన బిడ్డ కేసు పెట్టిన రోజు నుంచి తీర్పు వచ్చేదాకా ఏం జరుగుతుంది, ఆ దారిలో మన వంతు ఏమిటి అన్నదే ఆ విషయం.

ఇన్నేళ్లుగా బడిలో ఉన్న మాకు ఒకటి అనుభవమే. మనసులో బరువు మోస్తూ వచ్చిన పిల్ల మొదట అనే మాట, "అమ్మీకి చెప్పకండి టీచర్." ఇంట్లో నమ్ముతారో లేదో, బస్తీలో ఏమనుకుంటారో అన్న భయం అది. ఆ భయం పోలీస్ స్టేషన్ దాకా, కోర్టు దాకా బిడ్డ వెంటే వస్తుంది.

ఈ భయాన్ని తగ్గించాలనే పోక్సో చట్టంలో చాలా ఏర్పాట్లు చేశారు. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం 18 ఏళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే అదే నేరం. వాంగ్మూలం బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్ఐకి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాం వేసుకోకూడదు. ఏ కారణంతోనూ బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. ఆ సమయంలో తల్లో, తండ్రో, బిడ్డ నమ్మే మరొకరో పక్కన ఉండాలి.

కోర్టులో విచారణ తలుపులు మూసి జరుగుతుంది. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు బిడ్డ కంటపడకుండా తెర కట్టడమో, వీడియో ద్వారా వినడమో చేయాలి. లాయర్లు బిడ్డను నేరుగా ప్రశ్నించకూడదు. వారు జడ్జికి చెబితే, జడ్జి బిడ్డను అడుగుతారు. గద్దించే ప్రశ్నలు, నడవడికను అవమానించే ప్రశ్నలు వేయనివ్వరు. మధ్యమధ్య విరామం ఇవ్వాలి, మళ్లీ మళ్లీ సాక్ష్యానికి పిలవకూడదు. ఇంట్లో ఉర్దూ మాత్రమే మాట్లాడే బిడ్డకు దుబాసీని అడిగే హక్కు ఉంది. ఈ సంగతి మన కుటుంబాల్లో చాలామందికి తెలియదు.

హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఈ ఆలోచనకు ఒక రూపం. పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం అక్కడ ఒకే కప్పు కింద దొరుకుతాయి.

అయినా చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి కావాలి. అందుకే 2020 నాటి పోక్సో నియమాల్లో 'సపోర్ట్ పర్సన్' ఏర్పాటు ఉంది. బిడ్డ, తల్లిదండ్రుల అంగీకారంతో బాలల సంక్షేమ కమిటీ వీరిని నియమిస్తుంది. వాయిదా తేదీలు చెప్పడం, కేసు ఎక్కడిదాకా వచ్చిందో వివరించడం, ఆసుపత్రికీ కోర్టుకూ వెంట రావడం, పరిహారం దరఖాస్తుకు సాయపడటం వీరి పని. సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పడం మాత్రం వీరి పని కాదు. బిడ్డ మాట బిడ్డదే. ఇలాంటి సాయం ఉందని కుటుంబానికి తెలియజేయడం తప్పనిసరి అని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

సాక్ష్యం 30 రోజుల్లో నమోదు కావాలని, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలని చట్టం అంటుంది. వాయిదాలు పడుతున్న కొద్దీ ఇంటి మీద ఒత్తిడి పెరుగుతుంది. కూలి పోతుంది, ఆటో ఛార్జీలు మీద పడతాయి. ఈలోగా పెద్దమనుషులు వచ్చి, "పిల్ల పెళ్లి కావాలి కదా, రాజీ పడండి" అంటారు. ఈ నేరాలకు రాజీ లేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజస్థాన్ కేసు ఒకదానిలో ఇదే స్పష్టం చేసింది. అందులో నిందితుడు ఒక ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయులమైన మేము ఆ వార్త తలదించుకుని చదివాం. పరువు పోవాల్సింది నేరం చేసినవాడిది, బిడ్డది కాదు.

ఇక దాతలుగా మనం చేయగలిగినవి.

మొదటిది, దారి ఖర్చు. తిండి, బట్టలు, ప్రయాణం వంటి తక్షణ అవసరాలకు బాలల సంక్షేమ కమిటీ ప్రత్యేక సహాయం సిఫారసు చేయవచ్చు. ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. ఆ డబ్బు చేతికందేలోపు వాయిదా రోజు కూలి, ఆటో ఛార్జీ మనం చూసుకుంటే ఆ తల్లి వాయిదాకు మానకుండా వెళ్లగలుగుతుంది.

రెండోది, మనుషులు. డిగ్రీ ఉండి, పిల్లల విద్యలోనో రక్షణలోనో కనీసం మూడేళ్ల అనుభవం ఉన్నవారు సపోర్ట్ పర్సన్‌గా అర్హులు. రిటైరైన టీచర్లు, ముఖ్యంగా ఉర్దూ తెలిసిన అక్కలు, ఆపాలు, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో పేరు నమోదు చేయించుకోవాలని మా విన్నపం.

మూడోది, నోటి అదుపు. బిడ్డ పేరు, ఇల్లు, బడి బయటపెట్టడం మీడియాకు నేరం. వాట్సాప్ గ్రూపుల్లో మనం కూడా అంతే జాగ్రత్తగా ఉండాలి. సాయం పొందిన ఈ పిల్లల ఫొటో ఏ సంచికలోనూ రాదు, పేరు ఏ సభలోనూ చదవం. దాతలు దీన్ని పెద్దమనసుతో అర్థం చేసుకోవాలి.

ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098కి, ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయవచ్చు. ఈ రెండు నంబర్లూ మీ ఇంట్లో, మీ దుకాణంలో గోడ మీద రాసి పెట్టండి. ఎప్పుడు ఏ బిడ్డకు అవసరమవుతాయో మనకు తెలియదు.