ఊడిన పంటి చోట ఇంప్లాంట్

దవడ పన్ను పీకించుకుంటే బయటికి కనపడదు కదా అని చాలామంది ఆ ఖాళీని అలాగే వదిలేస్తారు. నోరు మాత్రం ఊరుకోదు. పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదురు పన్ను పొడుచుకొస్తుంది. నమిలేటప్పుడు పంటి వేరు ద్వారా అందే ఒత్తిడి లేక అక్కడి ఎముక కరుగుతూ పోతుంది. పళ్లన్నీ పోయిన పెద్దవారి బుగ్గలు లోపలికి పీక్కుపోయేది ఇందువల్లనే.

బ్రిడ్జి కట్టించుకుంటే రెండు పక్కలా ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. కట్టుడు పళ్ల సెట్టు ఖర్చు తక్కువే గాని, కింది సెట్టు నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే చిన్న టైటానియం స్క్రూ. వేరు స్థానంలో అది ఉంటుంది, దానిపైన పన్ను వస్తుంది.

ఇది అనుకోకుండా దొరికిన విద్య. స్వీడన్‌లో డాక్టర్ బ్రోనెమార్క్ 1952లో ఎముకలోని రక్తప్రసరణను గమనించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చారు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో గోటెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే ఆయన కింది దవడలో ఆ స్క్రూలు వేశారు. 2006లో ఆయన చనిపోయేదాకా అవి పనిచేశాయి.

ఎముక స్క్రూను పట్టుకోవడానికి మామూలుగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. "ఒక్కరోజులో పళ్లు" అనే బోర్డులు అందరికీ వర్తించవు. షుగరు అదుపులో లేనివారికి, సిగరెట్, గుట్కా మాననివారికి ఇంప్లాంట్ విఫలమయ్యే ప్రమాదం ఎక్కువ. దవడ ఇంకా పెరుగుతున్న పిల్లలకు సాధారణంగా వేయరు. ఇంప్లాంట్ పుచ్చదు, నిజమే. శుభ్రం చేయకపోతే చుట్టూ చిగురు వాచి, ఎముక కరిగి, అది ఊడిపోవచ్చు.

ఇక దాతలు ఆలోచించాల్సిన సంగతి. పళ్లు లేని పేద వృద్ధులకు నోటినిండా ఇంప్లాంట్లు వేయించడం మన విరాళాలతో అయ్యే పని కాదు. అంత అవసరమూ లేదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు, కింది దవడలో పళ్లేమీ లేనివారికి రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టును మొదటి ఎంపికగా సూచించారు. చొక్కా టిచ్ బటన్ నొక్కినట్టు సెట్టు వాటిమీద కూర్చుంటుంది; రాత్రి తీసి కడుక్కోవచ్చు. పైసెట్టు అంగిలిని అంటుకుని మామూలుగానే నిలుస్తుంది కాబట్టి దానికి చాలామందికి ఇంప్లాంట్ అక్కర్లేదు. మెత్తటి అన్నం, పప్పుతోనే సరిపెట్టుకునే ముసలాయన మళ్లీ రొట్టె, మాంసం నమలాలంటే ఈ రెండు స్క్రూలు చాలు. నా దృష్టిలో ఒకరికి పూర్తి వరస వేయించే డబ్బుతో ఇలా కొందరికి చేయించడమే మేలు.

సాయం మంజూరు చేసేటప్పుడు షుగరు పరీక్ష ఫలితం చూడాలి. ఆ బటన్లలోని రింగులు అరుగుతాయి, మార్పించాలి. అందుకని సొమ్ములో కొంత ఆ తర్వాతి చూపులకు విడిగా ఉంచి, ఊరికి దగ్గరలో ఉన్న డాక్టరు దగ్గరే చేయించాలి.