గొంతు ఉంది, ఊపిరే లేదు

డబ్బింగ్‌లోకి అడుగుపెడుతున్న కుర్రకారు గంభీర స్వరం కోసం పాకులాడుతున్నారు. అవకాశాలు తెచ్చేది మాత్రం వాక్యం చివరిదాకా నిలిచే పలుకే.

తెలుగులో డబ్బింగ్ అనగానే రెండు గొంతులు గుర్తొస్తాయి. ఒకటి సుమన్, రాజశేఖర్‌లకు పలికిన సాయికుమార్‌ది. రెండోది ఆయన తమ్ముడు రవిశంకర్‌ది. 2009లో వచ్చిన అరుంధతిలో సోనూ సూద్‌కు గొంతునిచ్చాక ఆయనకు బొమ్మాళి అన్న మాటే ఇంటిపేరైపోయింది. గొంతు పరీక్షకు వచ్చే కొత్త కుర్రాళ్లు ముందుగా వినిపించాలనుకునేది ఈ అన్నదమ్ముల అనుకరణే. చిక్కల్లా ఏమిటంటే, ఆ గొంతులు పరిశ్రమకు ఇప్పటికే ఉన్నాయి.

2023 జనవరిలో కన్నుమూసిన శ్రీనివాసమూర్తి సంగతి చూడండి. సూర్య, విక్రమ్, అజిత్ ముగ్గురికీ ఆయన తెలుగులో పలికారు. గొంతు ఒక్కటే అన్న అనుమానం సగటు ప్రేక్షకుడికి రాలేదు. ఆయన స్వరం కంటే మాట నడకను ఎక్కువగా మార్చేవారు. ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద బరువు వేయాలో పాత్రను బట్టి తేల్చుకునేవారు. కొత్తవారు నేర్చుకోవలసింది ఇదే.

పైగా తెలుగు వాక్యానిదో ప్రత్యేకమైన పేచీ. అసలు విషయం ఆఖర్న ఉంటుంది. 'వాడు ఆ పని చేయగలడు', 'వాడు ఆ పని చేయలేడు'. తేడా అంతా చివరి మాటలోనే. హిందీలో అయితే 'నహీ' సాధారణంగా క్రియకు ముందే వచ్చి వినేవాణ్ని సిద్ధం చేస్తుంది. తెలుగులో ఆ వెసులుబాటు తక్కువ. కొత్తవారికి ఊపిరి అయిపోయేది సరిగ్గా అక్కడే. మొదటి మాటను దడదడలాడిస్తారు, నడుమ జారతారు, క్రియ దగ్గరికి వచ్చేసరికి గొణుగుతారు. మైకు మాత్రం ఆ గొణుగుడును కూడా పట్టుకుంటుంది.

దీనికి విరుగుడు ఇంట్లోనే ఉంది. భుజాలు ఎగరేసి పీల్చిన గాలి ఎంతోసేపు నిలవదు. పొట్ట, పక్కటెముకలు విచ్చుకునేలా పీల్చాలి. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, 'ఊ' అంటూ బుడగలు వచ్చేలా ఊదడం వాక్ చికిత్సకులు కూడా చేయించే సాధనే. ఊపిరిని పొదుపుగా వాడటం దాంతో అలవాటవుతుంది. పొడుగాటి వాక్యం వస్తే వెనకనుంచి కట్టుకురావాలి. ముందు చివరి మాట, తర్వాత చివరి రెండు, ఆపైన మూడు. అప్పుడు నోరు తెలియని చోటునుంచి తెలిసిన చోటుకు నడుస్తుంది. స్క్రిప్టు మీద పెన్సిలుతో విరుపులు గీసుకోవడం ఎలాగూ తప్పదు. అరుపుల సన్నివేశాలు రోజు చివరికి పెట్టించుకోగలిగితే గొంతు బతుకుతుంది.

ఉచ్చారణ మరో గండం. ఇంగ్లిషు మీడియంలో చదివిన పిల్లలకు ల, ళ ఒక్కటైపోతున్నాయి. భయం 'బయం' అవుతోంది. 'చాలా'లోని చ వేరు, 'చెట్టు'లోని చ వేరు అన్న ఎరుకే పోతోంది. అయితే శుద్ధి పేరుతో యాసను కడిగేసుకోనక్కర్లేదు. ఫిదా (2017)లో సాయిపల్లవి తెలంగాణ యాసలో సొంత గొంతుతోనే పలికారు. బలగం (2023) వచ్చాక అయితే కరీంనగర్ కుర్రాడు తన మాటను దాచుకోవలసిన అవసరమే లేదు.

పూర్వం లూప్ పద్ధతిలో నటులంతా ఒకే మైకు చుట్టూ నిలబడేవారు. గుంపులో గోవిందయ్యగా వచ్చినవాడు కూడా పెద్దల పక్కన నిలబడి పని చూసేవాడు. ఇప్పుడు ఎవరి ట్రాక్ వారిదే. ఎదుటి పాత్ర మాట హెడ్‌ఫోన్‌లో తప్ప వినిపించదు, ఒక్కోసారి అదీ ఉండదు. నేర్పే బడి మూతబడ్డట్టే. కొంగర జగ్గయ్యకు ఆకాశవాణిలో వార్తలు చదివిన అనుభవం ఉంది. (1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్లినప్పుడూ ఆ కంచు కంఠం అక్కరకొచ్చే ఉంటుంది!) ఈనాటి కొత్తవారికి మిగిలింది ఫోన్‌లో రికార్డు చేసుకుని వినడమే. మొదట్లో తమ గొంతు తమకే పరాయిగా తోస్తుంది. లోపల ఎముకల ద్వారా చేరే ధ్వని రికార్డింగులో ఉండదు కనుక అది సహజం.

పోటీ రెండువైపుల నుంచీ ఉంది. లయన్ కింగ్ (2019) తెలుగు రూపంలో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు పలికారు. పెద్ద పాత్రలు తారలకు పోతుంటే, లిఫ్టు ప్రకటనల్లాంటి చదివింపు పనులను యంత్రం లాక్కుంటోంది. చదునుగా చదివే గొంతుకే ముందు ఎసరు. ఇక గొంతును కాపీ కొట్టే బెడద వేరే. అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేకుండా కృత్రిమ మేధతో సృష్టించడాన్ని 2024లో బాంబే హైకోర్టు అడ్డుకుంది. అంతటి పేరు లేని కొత్తవారు కోర్టు మెట్లెక్కడం కష్టం. వారి చేతిలో ఉన్నది ఒప్పంద పత్రం ఒక్కటే. రికార్డింగును ఆ ఒక్క పనికే వాడతారా, యంత్రానికి శిక్షణకూ వాడుకుంటారా అన్నది అందులో రాసి ఉందో లేదో మైకు ముందుకు వెళ్లక ముందే చూసుకోవాలి.