870 మంచిదా, 500 మంచిదా? ముందు లైసెన్సు ఉందా?

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో చందర్లపాడు మండలంలో ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా మాట అడవిపందుల దగ్గరికే వస్తుంది. పగలు గుట్టల్లోనూ ఏటి ఒడ్డు పొదల్లోనూ పడుకుంటాయి, రాత్రి మన చేలో దిగుతాయి. తిన్నదానికంటే తొక్కి పాడుచేసేదే ఎక్కువ. కాపలా కాసి కాసి విసిగినవాళ్ళ నోట ఈమధ్య కొత్త మాట వినిపిస్తోంది: "పంపు తుపాకి ఒకటుంటే వీటి సంగతి తేలుద్ది." ఆ వెంటనే ఫోన్లో వీడియోలు చూసిన కుర్రాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు రెమింగ్టన్ 870 అంటుంది, రెండోది మాస్‌బర్గ్ 500 అంటుంది. మహీంద్రానా, స్వరాజా అని ట్రాక్టరు ఎంచుకుంటున్నట్టే ఉంటుంది వాదన.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా వాదన ఎటూ నడుస్తోంది కాబట్టి అందులో ఎంత నిజముందో చూద్దాం.

అపోహ: 870 ఒళ్ళంతా ఉక్కు. 500 అల్యూమినియం, గట్టి తూటా వేస్తే పగిలిపోతుంది.

సగం నిజం. గొట్టానికీ మడమకూ నడుమ ఉండే పెట్టెను రిసీవర్ అంటారు. అది 870లో ఉక్కుది, 500లో అల్యూమినియం మిశ్రమలోహానిది. ఇంతవరకూ కుర్రాళ్ళ మాట సరైనదే. కాకపోతే తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడిని కాసేది ఈ పెట్టె కాదు. రెండు తుపాకుల్లోనూ బోల్టు వెళ్ళి గొట్టం వెనక కొసన ఉన్న ఉక్కు భాగంలోనే తాళం పడుతుంది. ఉక్కూ ఉక్కూ పట్టుకుని బలాన్ని కాస్తాయి, పెట్టె చుట్టూ ఒక కవచంలా ఉంటుందంతే. అల్యూమినియం వల్ల బరువు కొంత తగ్గుతుంది, పెట్టెకు తుప్పు పట్టదు. బరువు తగ్గిన తుపాకి భుజానికి ఇంకాస్త గట్టిగా తన్నుతుంది. ఈ లాభనష్టాలు నిజమే గానీ, పగిలిపోతుందన్న భయం మాత్రం గాలిమాట.

870 బజారుకు వచ్చింది 1950లో. 500 వచ్చింది 1960లో. రెండూ కోటికి పైగా అమ్ముడయ్యాయి. ముందుపిడిని బోల్టుతో కలిపే జోడు కడ్డీలు మొదట 870కే ఉండేవి. రెమింగ్టన్ పేటెంటు గడువు తీరేదాకా 500 ఒంటి కడ్డీతోనే నడిచింది, 1970లో అదీ జోడు కడ్డీలకు మారింది. ఇప్పుడు లోపలి పనితనంలో రెంటి మధ్య ఉన్న తేడా, అరుగు మీద జరిగే వాదన అంత పెద్దదేమీ కాదు.

అపోహ: అమెరికా సైన్యం పరీక్ష నెగ్గింది మాస్‌బర్గే. 870 దండగ.

సైన్యం వేల తూటాలు కాల్పించి చేసిన పరీక్షకు నిలిచింది 590ఏ1 అనే రకం. మందపాటి గొట్టంతో, లోహపు ట్రిగ్గర్ చట్రంతో ప్రత్యేకంగా చేసిన తుపాకి అది. దుకాణంలో దొరికే మామూలు 500కు ఆ ఘనత అంటగట్టడం కుదరదు. పైగా ఆ దేశపు మెరైన్లు 870ని దశాబ్దాలపాటు వాడారు. ఒకటి నెగ్గితే రెండోది ఓడినట్టు కాదు.

మరి అసలు తేడా ఎక్కడుంది? చేతి దగ్గర. 870లో సేఫ్టీ మీట ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉంటుంది. కుడిచేతి వాటం వాడికి చూపుడువేలితో తోయడం తేలిక, ఎడమచేతి వాడికి ఇబ్బంది. 500లో ఆ మీట వెనక, నడినెత్తిన ఉంటుంది. బొటనవేలికి అందుతుంది, ఏ చేతికైనా ఒకటే. అదే తుపాకికి సినిమాల్లోలాగా పిస్తోలు పిడి తగిలిస్తే బొటనవేలు అక్కడిదాకా వెళ్ళదు, వాటం చెడుతుంది. కింద నుంచి తూటాలు ఎక్కించేటప్పుడు 500లో రేకు పైకి లేచి దారి వదులుతుంది. 870లో దాన్ని వేలితో నెట్టాలి, అలవాటు లేనివాడికి గోరు చిట్లుతుంది. ఖాళీ తూటాను లాగే కొక్కేలు 500కు రెండు, 870కి ఒకటి. నన్నడిగితే, ఎడమచేతి వాటం వాడు కళ్ళు మూసుకుని 500 తీసుకోవచ్చు. మిగతావాళ్ళు రెంటినీ భుజాన పెట్టి చూసి, ఏది వాటంగా కుదిరితే అది తీసుకోవాలి. వీడియో చూసి తేల్చుకునే విషయం కాదిది.

అపోహ: రవ్వల తుపాకికి గురి అక్కర్లేదు. అటు తిప్పి కాలిస్తే చాలు.

ఇన్ని అపోహల్లోకీ మనుషుల ప్రాణం తీసేది ఇదే. మూతి దగ్గర బిగింపు (చోక్) లేని గొట్టం నుంచి వచ్చే రవ్వలు, అంటే తూటాలోని చిన్న గుండ్లు, ఉజ్జాయింపుగా గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయి. నాలుగు గజాల గదిలో కాలిస్తే ఆ గుత్తి అరచేతి వెడల్పున ఉంటుంది. గురి తప్పితే మొత్తం తప్పినట్టే. దూరం పెరిగితే తంతు మారుతుంది. నలభై గజాల దగ్గర, 30 అంగుళాల వలయంలో బాగా బిగించిన గొట్టమైతే నూటికి 70 రవ్వలు పడతాయి, బిగింపు లేనిదైతే 40. మిగతా అరవై ఎటు పోయాయి? పక్క చేలో కలుపు తీసేవాళ్ళ వైపు పోయి ఉండొచ్చు.

దీనికి కవల అపోహ ఇంకొకటుంది, యాభై గజాలు దాటితే రవ్వలు చచ్చుబడతాయని. పందిని నమ్మకంగా పడగొట్టే దూరం ముప్పై నలభై గజాలే, ఆ మాట నిజం. గాలిలో ప్రయాణం మాత్రం అక్కడ ఆగదు. పెద్ద రవ్వలు, అంటే జింకలకూ పందులకూ వాడే రకం, గొట్టం కాస్త ఎత్తి కాలిస్తే అర కిలోమీటరు పైనే వెళ్ళి పడతాయి. మన మెట్టపొలాల్లో అర కిలోమీటరు లోపల ఎన్ని మంచెలు, ఎన్ని మోటార్ల కొట్టాలు, ఎంతమంది రాత్రి నీళ్ళు కట్టేవాళ్ళు ఉంటారో లెక్క వేసుకోండి. కాశ్మీరులో 2010 నుంచి బలగాలు గుంపుల మీద వాడిన 'పెల్లెట్ గన్' కూడా ఈ జాతి పంపు తుపాకే. 2016 అల్లర్లలో అది వందలమంది కళ్ళకు దెబ్బ తగిలించింది. రవ్వకు మనిషెవరో తెలియదు.

పంపు లాగిన 'ఛక్ ఛక్' చప్పుడుకే దొంగ పారిపోతాడన్నది సినిమా. దెబ్బ తగిలినవాడు పదడుగులు వెనక్కి ఎగిరి పడటం కూడా అంతే. అంత తోపు తూటాలో ఉంటే కాల్చినవాడూ వెనక్కి ఎగరాలి.

అపోహ: డబ్బుంటే అమెరికా నుంచి తెప్పించుకోవచ్చు.

కుదరదు. 1980ల నుంచి మన దేశంలో మామూలు పౌరుడికి విదేశీ తుపాకుల దిగుమతి మూసేశారు. పేరున్న షూటింగ్ క్రీడాకారులకే మినహాయింపు. ఎక్కడైనా పాత రెమింగ్టన్ కనబడితే అది ఆ కాలానికి ముందు వచ్చి, లైసెన్సుదారుల చేతులు మారుతూ వచ్చినదే. దాని ధర వింటే పందులు తిన్న పంటే నయమనిపిస్తుంది. ఇక్కడ దొరికే పంపు తుపాకి మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు చేసిన 12 బోరుది. తూటాలు పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ నుంచి వచ్చే శక్తిమాన్ రకం. నందిగామ బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు భుజాన వేలాడే జోడు గొట్టాల తుపాకి కూడా ఆ 12 బోరుదే. కాబట్టి '870నా, 500నా' అన్న ప్రశ్న చందర్లపాడులో ప్రశ్నే కాదు.

సినిమాలో చూసిన పొట్టి గొట్టం మీద మోజు పడేవాళ్ళకు ఒక మాట. అమెరికాలో గొట్టం 18 అంగుళాలు ఉంటే చాలు. మన చట్టం ప్రకారం 20 అంగుళాలకు తగ్గితే అది నిషిద్ధాయుధాల కిందికి వస్తుంది. తనంతట తానే తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌దీ అదే గతి. పంపు తుపాకికి చేత్తో లాగితేనే తూటా ఎక్కుతుంది గనుక ఆ శ్రేణిలో పడదు.

అపోహ: పంట కాపాడుకోవడానికి రైతుకు తుపాకి హక్కు. లైసెన్సు ఉంటే పందిని కొట్టొచ్చు.

ఇందులో రెండు చట్టాలు కలిసిపోయాయి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను పంట రక్షణను ఒప్పుకుంటుంది. కాకపోతే మొదట చెప్పింది మందు దట్టించే భర్మారు తుపాకి గురించి. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి తృప్తి కలిగితేనే వేరే నున్నటి గొట్టం తుపాకికి అనుమతి. పోలీసు నివేదిక, శిక్షణ ధ్రువపత్రం, తుపాకి భద్రంగా దాచే ఏర్పాటు, అన్నీ చూస్తారు. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, లైసెన్సు గడువు అయిదేళ్ళు. లైసెన్సు లేని నాటు తుపాకి దొరికితే రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ జైలు. పెళ్ళి ఊరేగింపులో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే, లైసెన్సు ఉన్నా రెండేళ్ళ దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో పడతాయి.

ఇదంతా తుపాకి దగ్గర పెట్టుకోవడానికి. పందిని కొట్టడానికి వేరే కాగితం కావాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. ప్రాణానికో పంటకో ముప్పు అయినప్పుడు 11వ సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతించాలి. బిహార్, ఉత్తరాఖండ్‌లలో 2015-16లో పందిని హానికర జంతువుగా ప్రకటించిన మాట నిజమే. అది కొన్ని జిల్లాలకు, గడువు పెట్టి, కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు. ఆ వార్త చదివి ఇక్కడ కాలిస్తే కేసే. అనుమతితో కొట్టినా కళేబరం ప్రభుత్వానిది, కూర వండుకునే హక్కు లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరికీ రుచించదని నాకు తెలుసు.

అపోహ: అమెరికాలో ఉన్న మావాడు ఎప్పుడంటే అప్పుడు కొనుక్కోవచ్చు.

నందిగామ చుట్టుపక్కల ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు అక్కడున్నారు కాబట్టి ఇది చెప్పాలి. చదువు వీసా, హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ కొనడం, దగ్గర పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకు ఆ అడ్డు లేదు. తాత్కాలిక వీసాదారులకు ఉన్న మినహాయింపుల్లో ముఖ్యమైనది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం. స్నేహితుడి తుపాకి సరదాగా ఇంట్లో పెట్టుకున్నా వీసాకే ఎసరు.

ఆ లైసెన్సుతో కొన్నవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. పంపు తుపాకిలో కింది గొట్టం నుంచి తూటాలన్నీ తీసేసినా, పేలే గదిలో ఒకటి మిగిలి ఉండొచ్చు. 870 అయినా 500 అయినా ఇంతే. బోల్టు వెనక్కి లాగి, కంటితో చూసి, వేలు పెట్టి తడిమితేనే ఖాళీ అయినట్టు. 2024లో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తుపాకి శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడన్న వార్త మీరూ చదివే ఉంటారు.

ఇక చందర్లపాడు రైతులకు నా మనవి. పంది పడిన చేను ఫోటోలు తీసి, సర్వే నంబరు, పంట, తేదీ రాసి, పక్క రైతుల సంతకాలతో కలిపి అటవీ రేంజి కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నాటు తుపాకి, నాటు బాంబు, కంచెకు కరెంటు తీగ, ఈ మూడింటి జోలికీ పోవద్దు. రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్ళిన మనిషిని కరెంటు తీగ పందిని చంపినట్టే చంపుతుంది.