కెమెరా కొనడంలో హంగూ, గట్టితనమూ

మా నాయన మందు కొట్టే ట్యాంకు కొనడానికి మదనపల్లెకు వస్తే, అంగట్లో మొదట అడిగేది ధర కాదు. పట్టీ బిగించిన చోట లాగి చూస్తాడు. మూత తిప్పి చూస్తాడు. "దీని వాచర్లు ఈడ దొరుకుతాయా?" అంటాడు. ఈ మూడు పనులూ చేయకుండా నేనొక డిజిటల్ కెమెరా కొన్నాను. ఆ అనుభవమే ఈ వ్యాసానికి కారణం.

పోయిన ఏడు టమోటా పంట డబ్బులో నుంచి నాయన నాకు 12,000 రూపాయలిచ్చాడు. ఒకరు వాడిన కెమెరా తీసుకున్నాను. దూరపు వస్తువును దగ్గరకు తెచ్చే పొడవాటి జూమ్, మనిషి నవ్వితే తానే ఫొటో తీసే ఏర్పాటు, రకరకాల రంగుల హంగులు! జాబితా చదివి మురిసిపోయాను. స్నేహితులతో కుప్పం దగ్గర గ్రానైటు క్వారీకి పోయి రాళ్ళను ఫొటోలు తీస్తుండగా, బయటికి వచ్చిన లెన్సు మళ్ళీ లోపలికి పోలేదు. రిపేరు చేసే అతను చూసి, "దుమ్ము తమ్ముడూ. బాగుచేసే ఖర్చుకు ఇంకో కెమెరా వస్తుంది" అన్నాడు.

నాయన కోప్పడలేదు. "పోతే పోయిందిలే అబ్బోడా. నేను ట్యాంకు కొనేటప్పుడు పక్కనే ఉంటివి గదా" అన్నాడు. తిట్టినా అంత నొచ్చి ఉండేది కాదు.

జరిగినదానిలో వింతేమీ లేదు. జూమ్ లెన్సు సాగినప్పుడు లోపలి ఖాళీ పెరిగి, పీడనం తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి సందుల్లోంచి దుమ్ముతో సహా లోపలికి వస్తుంది. కొలిమి తిత్తి చేసే పనే ఇది. పళ్ళచక్రాల మధ్య ఒక్క ఇసుకరేణువు చాలు. అనగా, కదిలే ప్రతి భాగమూ ఒక సౌకర్యమే గాని, ఒక బలహీనమైన చోటు కూడా.

అట్లని హంగులన్నీ వృథా అనను. పుంగనూరులో మా మేనమామ ఇంట పొట్టి ఆవు ఉంది. మూడడుగుల లోపే దాని ఎత్తు. నిలబడి తీస్తే వీపు పడుతుందే గాని మొహం రాదు. తెర పైకి తిరిగే కెమెరా ఉంటే, వంగకుండానే దాని కంటి ఎత్తులో ఫొటో తీయవచ్చు. ఇది పనికొచ్చే హంగు. అయితే ఆ తెర కీలు వదులుగా ఉందేమో కదిలించి చూడాలి. తెరకు పోయే సన్నని పట్టీ తీగ తిప్పినప్పుడల్లా వంగుతుంది గనుక.

మెగాపిక్సెళ్ళ సంగతి లెక్క వేసి చూద్దాం. ఏ4 కాగితం నిండా, అంగుళానికి 300 చుక్కల వంతున ఫొటో అచ్చు వేయాలంటే 2,480 × 3,508, అంటే సుమారు 87 లక్షల చుక్కలు కావాలి. 9 మెగాపిక్సెళ్ళు చాలునన్నమాట. అంతకు మించినదానికి డబ్బు పోసే ముందు, అంత పెద్ద ఫొటో మనం ఎప్పుడు వేయిస్తామో ఆలోచించాలి.

గట్టితనమంటే బరువు కాదు. దుమ్ము, నీళ్ళు ఆపే శక్తిని ఐపీ అనే గుర్తు పక్కన రెండు అంకెలతో చెబుతారు. మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. 2022లో వచ్చిన ఓఎం-1 కెమెరాకు ఐపీ53 ఉంది. 2019 నాటి ఒలింపస్ టఫ్ టీజీ-6 నీళ్ళలో 15 మీటర్ల లోతు వరకు, 2.1 మీటర్ల ఎత్తునుంచి పడినా తట్టుకునేట్లు చేసినది. దాని జూమ్ 4 రెట్లే. కాని లెన్సు బయటికి రాదు. పోగొట్టుకున్నదేమిటో, దక్కించుకున్నదేమిటో స్పష్టంగా కనబడుతోంది కదా!

కనుక మిత్రులారా, కెమెరా ఎక్కడ తిరగబోతుందో మొదట తేల్చుకోండి. పెళ్ళి హాల్లో తీసేవారికి హంగులు ఎక్కువైనా నష్టం లేదు. టమోటా మండీలో, క్వారీలో, చేలగట్ల మీద తిరిగేవారు ముందు ఒళ్ళు చూసి, తర్వాత దినమూ వాడే హంగులు రెండు మూడు ఎంచుకోవాలని నా మనవి. నేను ట్యూషన్ డబ్బు కూడబెడుతున్నాను. ఈసారి అంగడికి నాయనను కూడా పిలుచుకుపోతాను.