కంప్యూటర్ మొరాయించిందా? కంగారు పడకండి!

అల్లవరం సముద్రపు గాలికి ఇనప అట్లకాడే తుప్పు పడుతుంది, ఇక కంప్యూటర్ ఎంత చెప్పండి! ఓ పొద్దున మీట నొక్కితే విండోస్ రాదు. నల్లటి తెర మీద 'నో బూటబుల్ డివైస్' అని కనిపిస్తుంది. పిల్లల ఫొటోలన్నీ పోయాయని బెంగపడకండి. పొయ్యి వెలగనంత మాత్రాన డబ్బాలో బియ్యం ఎక్కడికీ పోవు కదా!

ముందుగా పెన్‌డ్రైవ్ ఏదైనా గుచ్చి ఉంటే తీసేసి, మళ్లీ ఆన్ చేయండి. అయినా రాకపోతే ప్లగ్గు పీకి, లోపల హార్డ్ డిస్కు వైర్లు వదులయ్యాయేమో, చిలుము పట్టాయేమో తెలిసినవాళ్ల చేత చూపించండి. విండోస్ గుర్తు వచ్చి ఆగిపోతోందా? అలా వచ్చినప్పుడల్లా మీట నొక్కిపట్టి ఆపండి. రెండు మూడుసార్లకి రిపేరు తెర వస్తుంది. అందులో 'స్టార్టప్ రిపేర్' నొక్కండి. 'రీసెట్' జోలికి మాత్రం వెళ్లొద్దు. డిస్కు టక్ టక్‌మంటుంటే వెంటనే ఆపేయండి.

2024 జులై 19న ఒక్క తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపించి మొరాయించాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు! చివరికి ఆ తప్పుడు ఫైలు ఒక్కటి తీసేస్తే కంప్యూటర్లు మళ్లీ లేచాయి.

అందుకే షాపులో "ఫార్మాట్ కొట్టేద్దామమ్మా" అంటే ఊఁ అనేయకండి. "ముందు ఫొటోలు కాపీ తియ్యి బాబూ, తర్వాతే ఏదైనా" అనండి. ఏడాది ఆవకాయంతా ఒకే జాడీలో పెట్టం కదా! ఫొటోలూ అంతే, రెండుచోట్ల దాచుకోండి.