హార్మోన్ ఇంజెక్షన్: మోతాదు గురించి వైద్యుణ్ణి ప్రశ్నించడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మందు మోతాదుకూ, ఎక్కించే ద్రవ పరిమాణానికీ తేడా చెప్పగలుగుతారు.
• ఇంజెక్షన్ పద్ధతి మారితే ఫలితం ఎందుకు మారుతుందో వివరించగలుగుతారు.
• సందేహం వచ్చినప్పుడు వైద్యుణ్ణి ఏమి అడగాలో, ఎలా అడగాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

2008 మార్చిలో శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. మీలో కొందరు అక్కడ రాత్రి షిఫ్టులో పనిచేస్తూ ఈ పాఠాలు చదువుతూ ఉండవచ్చు. అటువంటి ఒక అభ్యాసకుణ్ణి ఊహించుకుందాం. ఆయనది కార్గో విభాగంలో పని. మధుమేహం ఉంది. వైద్యుడు ‘ఇన్సులిన్ 20 యూనిట్లు, రాత్రి భోజనానికి ముందు’ అని రాశారు. ఆయన భోజనం చేసేది రాత్రి ఒంటిగంటకు. పైగా ఈసారి దుకాణంలో ఇచ్చిన సీసా మీద అంకె వేరుగా ఉంది. ఇంట్లో ఉన్నవి పాత సిరంజిలు. ఎంత, ఎప్పుడు, ఎలా అనే మూడు సందేహాలూ వచ్చాయి. ‘అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో’ అని ఊరుకున్నారు. ఆ మొహమాటం ఎంత ప్రమాదానికి దారి తీయగలదో ఇప్పుడు లెక్క వేసి చూద్దాం.

2. మోతాదు వేరు, పరిమాణం వేరు

ఇన్సులిన్ క్లోమగ్రంథి తయారుచేసే హార్మోన్. దాని మోతాదును యూనిట్లలో కొలుస్తారు. మన దేశంలో ఇది ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు అనే గాఢతల్లో దొరుకుతుంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సిరంజి: 40 రకానికి సాధారణంగా ఎర్ర మూత, 100 రకానికి నారింజ రంగు మూత.

40 రకం సిరంజిలో 20 గీత వరకు తీస్తే వచ్చేది అర మిల్లీలీటరు. సీసా కూడా 40 రకమే అయితే అందులో 20 యూనిట్లు ఉంటాయి. సీసా 100 రకమైతే అదే అర మిల్లీలీటరులో 50 యూనిట్లు ఉంటాయి, అంటే రాసినదానికి రెండున్నర రెట్లు. రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, తికమక, చివరకు స్పృహ తప్పడం, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. దీనికి తిరగబడి, 100 రకం సిరంజితో 40 రకం మందును 20 గీత వరకు తీస్తే శరీరానికి అందేది 8 యూనిట్లే. అప్పుడు చక్కెర అదుపు తప్పుతుంది.

ఇక్కడ వైద్యుడు రాసిన మోతాదులో తప్పు లేదు. చీటీకీ సూదికీ మధ్య తప్పు దొర్లింది. కాబట్టి ప్రశ్నించడమంటే వైద్యుణ్ణి తప్పుపట్టడం అని అనుకోనక్కరలేదు.

3. ఎక్కించే పద్ధతి

ఇన్సులిన్‌ను చర్మం కింది కొవ్వు పొరలో ఇస్తారు. పొరపాటున కండరంలోకి వెళితే త్వరగా రక్తంలో కలిసి, చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. తొడ మీదకంటే పొట్ట మీద ఇచ్చినది త్వరగా పనిచేస్తుంది. రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ కొవ్వు గడ్డకట్టి, మందు ఒకరోజు ఒకలా, మరొకరోజు మరోలా పనిచేస్తుంది. అందుకే చోటు మారుస్తూ ఉండాలి.

నూనెలో కలిపిన టెస్టోస్టిరాన్ వంటి హార్మోన్లది వేరే పద్ధతి. వాటిని సాధారణంగా కండరంలో ఇస్తారు; మందు అక్కడ నిల్వ ఉండి మెల్లగా విడుదలవుతుంది. అయితే అమెరికాలో 2018లో టెస్టోస్టిరాన్ ఎనాంథేట్‌ను చర్మం కింద ఇచ్చే సాధనానికి అనుమతి లభించింది. 1000 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ అన్‌డెకనోయేట్‌ను మాత్రం పిరుదు కండరంలో లోతుగా, నెమ్మదిగా ఇవ్వాలి. హార్మోన్ ఒకటే అయినా ఒక తయారీకి చెల్లిన పద్ధతి మరొక తయారీకి చెల్లకపోవచ్చు. ‘దీన్ని చర్మం కింద తీసుకోవచ్చా?’ అన్నది సరైన ప్రశ్నే. జవాబు మాత్రం మందు పూర్తి పేరు చూసి వైద్యుడే చెప్పాలి.

రక్తపరీక్ష తేదీ కూడా ముఖ్యమే. ఇంజెక్షన్ తరువాత కొద్ది రోజులకు హార్మోన్ స్థాయి ఎక్కువగానూ, తరువాతి ఇంజెక్షన్‌కు ముందు తక్కువగానూ ఉంటుంది. ఏ రోజు రక్తం ఇచ్చారో చెప్పకపోతే ఆ అంకెను బట్టి మోతాదు నిర్ణయించడం కష్టం.

4. సలహా దొరకనప్పుడు

శంషాబాద్ నుంచి ఔటర్ రింగు రోడ్డు మీద వెళితే నార్సింగి వస్తుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం దేశంలోనే మొదటిదిగా పేరుపొందిన మిత్ర్ క్లినిక్ 2021లో అక్కడ ప్రారంభమైంది. హార్మోన్ చికిత్సపై సలహా కూడా అక్కడ లభించేది. అమెరికా ఆర్థిక సహాయం నిలిచిపోవడంతో 2025 ఆరంభంలో మూతపడి, అదే ఏడాది టాటా ట్రస్టుల సహాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఇటువంటి చోటు లేనప్పుడు కొందరు స్నేహితుల మాట మీద గర్భనిరోధక మాత్రలను ఎక్కువగా మింగుతారు. వాటిలోని ఎథినైల్ ఈస్ట్రడయోల్ వల్ల రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. టెస్టోస్టిరాన్ ఎక్కువైతే ఎర్ర రక్తకణాలు పెరిగి రక్తం చిక్కబడవచ్చు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం హార్మోన్ చికిత్సతో సహా వైద్య సదుపాయాలు కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది.

5. మీ హక్కు, దాని హద్దు

చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు రోగికి తగినంతగా వివరించిన తరువాతే సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి ప్రకారం రోగి కోరితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. రెండో వైద్యుడి అభిప్రాయం తీసుకునే హక్కును జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం గుర్తించింది.

అయితే సందేహం వచ్చిందని మోతాదును మీ అంతట మీరు పెంచడం, తగ్గించడం, మానేయడం చేయకూడదు. ఇన్సులిన్ హఠాత్తుగా మానినా ప్రాణాపాయమే. సూది పొడవకముందే వైద్యుడికో, నర్సుకో, ఫార్మసిస్టుకో ఫోను చేయండి. వైద్యుడి దగ్గరికి చీటీ, సీసా, సిరంజి మూడూ తీసుకెళ్లి ఇలా అడగండి:
• ఈ మందు పూర్తి పేరేమిటి? మిల్లీలీటరుకు ఎంత?
• నేను ఏ సిరంజితో, ఏ గీత వరకు తీయాలి?
• చర్మం కిందా, కండరంలోనా? ఏ చోట?
• రాత్రి పనిచేసి పగలు నిద్రపోతాను. ఏ వేళకు తీసుకోవాలి?
• ఒక మోతాదు తప్పితే ఏం చేయాలి?
• పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి?

వైద్యుడు చెప్పిన జవాబును అక్కడే రాసుకుని, తిరిగి చదివి వినిపించండి. మన కార్గో ఉద్యోగి ఈ ప్రశ్నల్లో రెండోదాన్ని అడిగినా, సీసాకు సరిపోయే సిరంజి కొనుక్కునేవారు.

6. సారాంశం

మోతాదు అంకె ఒక్కటే చాలదు. మందు గాఢత, సిరంజి, ఇచ్చే చోటు, వేళ కలిస్తేనే చికిత్స అవుతుంది. వీటిని అడిగి తెలుసుకోవడం రోగి హక్కు. రోగి భద్రత కూడా దాని మీదే ఆధారపడి ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 100 రకం సీసాలోని ఇన్సులిన్‌ను 40 రకం సిరంజిలో 12 గీత వరకు తీస్తే ఎన్ని యూనిట్లు వస్తాయి?
2. రక్తపరీక్ష ఏ రోజు చేయించుకున్నారో వైద్యుడికి ఎందుకు చెప్పాలి?

(మొదటి ప్రశ్నకు జవాబు: 0.3 మిల్లీలీటరు, అంటే 30 యూనిట్లు. రెండోదానికి 3వ విభాగం చూడండి.)