అడ్డసరం మందే, అందుకే జాగ్రత్త!

పత్తి మార్కెట్‌కు వచ్చే వేళకే ఆదిలాబాద్‌లో చలి ముదురుతుంది. యార్డు ముందు బండ్ల వరుస, జిన్నింగు మిల్లులో గాలిలో తేలే నూగు, పొద్దెక్కినా విడవని పొగమంచు. ఇటు గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము, రామగుండంలో బూడిద, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీల పొడి. సర్ది, తెమడ, దమ్ము అన్న మాటలు ఇంటింటా వినబడే ఆ నెలల్లో పెద్దలకు ముందు గుర్తొచ్చేది అడ్డసరం ఆకు.

చేను గట్ల మీద, పెరటి దడిలో పెరిగే పొద ఇది. మేకలు ముట్టవు గనుక కంచెకు పనికొస్తుంది. పొడవాటి ఆకులు, ఊదా గీతల తెల్లని పూలు, నోట పెడితే చేదు. పచ్చి ఆకును ఎంత నూరినా పసరు సరిగ్గా దిగదు. అందుకే ఆకుముద్దను చుట్టి నిప్పుల్లో మగ్గబెట్టి, పిండి, ఆ రసంలో తేనె కలుపుతారు. శార్ఙ్గధర సంహితలో ఉన్న పుటపాకం పద్ధతి అదే. పెద్దలకు ఆయుర్వేద ఫార్మకోపియా చెప్పే మోతాదు 10 నుంచి 20 మిల్లీలీటర్ల ఆకు రసం. గ్లాసు నిండా తాగితే దగ్గు తొందరగా పోతుందనుకోవద్దు.

ఆకులోని అసలు సరుకు వాసిసిన్ అనే ఆల్కలాయిడ్. ఊటీలో సింకోనా తోటల రసాయన నిపుణుడిగా పనిచేసిన డేవిడ్ హూపర్ 1888లో దాన్ని వేరు చేశాడు. ఆ అణువును ఆధారం చేసుకొని జర్మనీలో బ్రోమ్‌హెక్సిన్ తయారు చేసి 1963లో మార్కెట్‌కు తెచ్చారు. ఆంబ్రాక్సాల్ దాని తర్వాతి తరం. తెమడ దగ్గుకు మెడికల్ షాపులో ఇచ్చే సిరప్పు సీసా మీద చదవండి, ఈ రెండిట్లో ఒక పేరు తరచూ కనబడుతుంది. జిగట తెమడను పలుచన చేసి బయటికి తెప్పించడం వాటి పని. మన గట్టు మీది పొదకు ఇంత చరిత్ర ఉందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

కానీ ఆకులో నిజంగా మందు ఉందంటే, మందుకుండే కట్టుబాట్లన్నీ ఆకుకూ ఉండాలి. వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. జమ్మూ ప్రాంతీయ పరిశోధనశాలలో సి.కె. అటల్ బృందం దీని మీద పనిచేసి, కాన్పు నొప్పులు తెప్పించే, గర్భస్రావం కలిగించే పదార్థమని 1980లోనే గ్రంథంగా ప్రచురించింది. కడుపుతో ఉన్న కోడలు దగ్గుతుంటే అత్త ప్రేమతోనే కషాయం కాస్తుంది. ఆ అత్తకు ఈ సంగతి తెలియాలి. గర్భిణికి అడ్డసరం వద్దు. కషాయమైనా, దానితో చేసే వాసావలేహ్యమైనా, ఆ ఆకు కలిసిన దగ్గు సిరప్పైనా సరే. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె కలిపిన ఏ మందూ నాకించవద్దు.

ఎలర్జీ సంగతి వేరు. వయ్యారిభామ పుప్పొడికి వచ్చే తుమ్ములు, రాత్రిపూట పిల్లికూతలు తెమడ ఒక్కదానితో వచ్చేవి కావు. అడ్డసరానికి ఊపిరి గొట్టాలను వదులు చేసే గుణం ఉందని జంతువులపై పరీక్షల్లో కనిపించింది, మనుషులపై గట్టి పరీక్షలు తక్కువ. ఉబ్బసంలో గొట్టాల లోపలి వాపును అదుపులో పెట్టేది డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్. అలవాటైపోతుందన్న భయంతో దాన్ని మానేసి ఆకును నమ్ముకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. దమ్ము పట్టి ఒక్క వాక్యం పూర్తిగా పలకలేని మనిషికి కషాయం కాస్తూ కూర్చోకండి, 108 పిలవండి. దమ్ముకని కొందరు పట్టే ఉమ్మెత్త ఆకు పొగ అసలే వద్దు. అందులోని విషం ఏ మొక్కలో ఎంత ఉంటుందో కొలవలేం, మతి తప్పుతుంది, ప్రాణమూ పోవచ్చు.

నా అసలు ఆందోళన ఇంకొకటి. సంప్రదాయ వైద్యం నెత్తురు పడే దగ్గుకు కూడా అడ్డసరాన్నే చెప్పింది. క్వారీలో రాయి కోసేవాళ్లకు సిలికోసిస్ భయం ఉంది, అది వచ్చినవాళ్లకు క్షయ సోకే ముప్పు మామూలు మనుషులకంటే ఎక్కువ. గనిలో బొగ్గు పొడి, జిన్నింగులో పత్తి నూగు కూడా ఊపిరితిత్తులను పాడుచేస్తాయి. ఆకు రసంతో తెమడ కదిలి, ఛాతీ తేలికపడి, తగ్గిందిలే అనుకునేలోగా నెలలు దాటిపోతాయి. లోపల పేరుకున్న రాతి పొడిని ఏ ఆకూ కరిగించదు. నీళ్లు పోస్తూ రాయి కోయించడం, కూలీలకు సరైన మాస్కులివ్వడం, ఏటా ఛాతీ పరీక్ష చేయించడం యజమానుల బాధ్యత. దాన్ని పెరటి వైద్యం మీదికి నెట్టడం అన్యాయం.

కాబట్టి అడ్డసరం పొదను నరకకండి, మామూలు తెమడ దగ్గుకు తెలిసిన వైద్యుణ్ని అడిగి మోతాదుగా వాడండి. దగ్గు రెండు వారాలు దాటినా, తెమడలో నెత్తురు కనబడినా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా వెంటనే ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకోండి. ఆ పరీక్ష ఉచితం, క్షయ అని తేలితే మందులూ ఉచితమే. ఇంట్లో ఏ ఆకు రసం తాగుతున్నారో అక్కడి డాక్టరుకు దాచకుండా చెప్పండి.